బావకొక లేతు మిషను

జమ్మలమడుగు,
11-7-1994

దీవెనమ్మా,

నీ గడపను కాచేవాడు కునకడు, నిద్రపోడు. ఆ ధైర్యంతోనే మీ అన్న దేవపాలు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాడు.

నీ ఉత్తరాన్ని సైకిలు షాపు తలుపులు దగ్గరికేసి, మోకాళ్ళ మీద కూర్చుని చదివాను. బావ మీ ఊరి పెద్దాయన జీపు తోలుతున్నాడని నాకు తెలుసు. కానీ ఆ సీట్లో ఇంతకుముందు కూర్చున్నది ఓబులేసనీ, కల్వర్టు దగ్గర బాంబు పడినప్పుడు వెనక సీట్లోని పెద్దాయన బతికి ముందున్న ఓబులేసు పోయాడనీ నువ్వు రాసేదాకా తెలియదు. ఏడాది తిరిగేలోపల ఎలక్షన్లు అంటున్నారు. అవి రాకముందే దయానందం బావను జీపు దింపమని అడిగావు. దింపుతాను.

ఎట్లా అంటావేమో. మనిషిని ఒక పనిలోంచి లాగాలంటే ఇంకో పని చేతిలో పెట్టాలి. పేతురును వలలు వదలమన్న ప్రభువు ఊరికే రమ్మన్నాడా? కొత్త పని చెప్పి రమ్మన్నాడు. బావ వాళ్ళ నాయన వడ్లపనిలో, అదే వడ్రంగంలో, పేరుపడ్డవాడు. ఆ పని బావ చేతుల్లో ఇంకా ఉంది, స్టీరింగు పట్టి కాస్త తుప్పెక్కింది, అంతే. అందుకని తీర్మానం చేశాను: బావకు ఒక లేతు మిషను కొనిస్తున్నాను. ఇనుము కోసేది కాదు, చెక్క లేతు. మన పెద్దవాళ్ళు తరిమెన అనేవారు. కట్టెను రెండు మొనల మధ్య బిగించి మోటారుతో తిప్పితే, ఉలి ఆనించినచోటల్లా గుండ్రంగా, నున్నగా తేలుతుంది. మంచం కోళ్ళు, కవ్వాలు, అప్పడాల కర్రలు, ఊయల కమ్ములు, ఏది కావాలంటే అది. ఇంట్లోనే వసారాలో పెట్టుకోవచ్చు. దుడ్ల సంగతి నాకు వదిలెయ్.

గుడారం కట్టే రోజున దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపింది ప్రసంగం చెయ్యమని కాదమ్మా, చెక్క చెక్కమని. అది చదివినప్పుడల్లా నాకు కొంచెం అసూయ.

వసారా పొడవెంత, తలుపు వెడల్పెంత, కరెంటు ఏ పాటిది, కొలిచి రాయి. ప్రొద్దుటూరులో ఉస్మాన్ సాయిబు దగ్గర పాత మిషన్లు ఉన్నాయట. వచ్చే వారం పోతాను.

సింహాల బోనులో కూడా ప్రార్థన మానని వాడి దేవుడే మనకూ దేవుడు.

మీ అన్న,
దేవపాలు


పులివెందుల దగ్గర, మా పల్లె నుంచి,
20-7-94

అన్నకు వందనాలు.

అందరం బాగున్నాము. అంగన్‌వాడీలో పిల్లలకు గజ్జి, నాకు జలుబు. వదిన మోకాలు ఎట్లుంది? నువ్వు మోకాళ్ళ మీద ఉత్తరాలు చదివే బదులు ఆమె మోకాలికి నూనె రాస్తే పుణ్యం.

నీ తీర్మానం బాగుంది. ఎవరికి కొనిస్తున్నావో ఆ మనిషిని అడగడమే మరిచిపోయావు. నీ ఉత్తరం చదివి వినిపించాను. ఈయన నవ్వి, "మీ అన్న నాకు లేతు కొనిస్తే పెద్దాయనకు జీపు ఎవురు తోల్తారు? మీ అన్న తోల్తాడా? దారి పొడవునా వాక్యం చెప్తా పోతే పెద్దాయనే దిగి పరుగెత్తుతాడు" అన్నాడు.

నువ్వు అనుకున్నంత తేలిక కాదన్నా. సైకిలు షాపులో పనివాడు మానేసినట్టు ఈడ మానుకోవడానికి లేదు. మా పల్లెలో ఒక పద్ధతి ఉంది. పెద్దాయన దగ్గరున్న మనిషి ఒక పొద్దు రాకపోతే, ఒంట్లో బాగలేదా అని ఎవరూ అడగరు. వంకవతలి వర్గంవాళ్ళు, అంటే వాగు అవతలి పగవాళ్ళు, ఎంతకు కొన్నారు అని అడుగుతారు. దిగినవాడికి రెండు వైపులా చోటుండదు. వీళ్ళు ద్రోహి అంటారు, వాళ్ళు వేగుకొచ్చినాడంటారు. ఈయన జీపంటే మోజుతో తోలడం లేదు. దిగి నిలబడేదానికి నేల కనపడక తోలుతున్నాడు.

వసారా పదడుగులు. తలుపు మూడడుగులకు తక్కువ. కరెంటు సింగిల్ ఫేజు, సాయంత్రం మోటార్లన్నీ వేసినప్పుడు బల్బు మిణుగురు పురుగులాగా ఉంటుంది. ఈ కొలతలు నేను కొలవలేదు. నిన్న నేను బడి నుంచి వచ్చేసరికి గోడ మీద సుద్దముక్కతో గీతలున్నాయి. అడిగితే, "ఊరికే గీసినాలే" అన్నాడు.

నీ చెల్లెలు,
దీవెనమ్మ


ప్రొద్దుటూరు నుంచి,
2-8-1994

ప్రియమైన చెల్లికి, బావకు,

సుద్దముక్క గీతలు చాలు నాకు. ఏలీయా సేవకుడు చూసిన మేఘం కూడా అరచెయ్యంతే. దాని వెనక ఎంత వాన వచ్చిందో ఎరిగిన వాళ్ళమే.

ఉస్మాన్ సాయిబు అంగట్లో కూర్చుని రాస్తున్నాను. రెండు మిషన్లు చూపించాడు. ఒకటి ఆకుపచ్చ రంగు వేసి పెళ్ళికొడుకులా ఉంది. ఇంకొకటి నల్లగా, జిడ్డుగా, బీడు ఇనుముతో పోసిన ఎనుములా ఉంది. నేను ఆకుపచ్చదాని మీద చెయ్యి వేసి, "ఇదే ప్రభువు చూపించింది" అన్నాను. సాయిబు, "ప్రభువు చూపించినాడేమో గానీ ఊపి చూడమన్లేదా అప్పా?" అన్నాడు.

ఊపి చూశాను. కట్టెను తిప్పే ఇరుసును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే గడగడమంది. అంటే లోపల బేరింగులు పోయాయి. తోక వైపు మొనను జరిపి తల వైపు మొనకు ముక్కూ ముక్కూ ఆనిస్తే, ఒకటి తూర్పు, ఒకటి పడమర. అట్లా ఉంటే కట్టె సమంగా తిరగదు. పైన సున్నం కొట్టి లోపల ఎముకలున్న సమాధుల సంగతి వందసార్లు ప్రసంగించిన నేను, ఒక డబ్బా రంగుకు పడిపోబోయాను.

నల్లదాని ఇరుసు బండలాగా నిలిచింది. మొనలు రెండూ ముద్దు పెట్టుకున్నాయి. మూడడుగుల కట్టె పడుతుంది, మంచం కోడుకు కావలసినంత. నలుగురు మోస్తే గానీ కదలదు. సాయిబు అన్నాడు, "లేతుకు బరువే బలమప్పా. తేలికది కట్టెతో పాటు తనూ ఎగురుతాది." ఒక హార్సుపవరు మోటారు, సింగిల్ ఫేజే. మెట్లమెట్ల పుల్లీ ఉంది, బెల్టు మారిస్తే వేగం మారుతుంది.

బావా, ఇది నీకు. మొదట పలక కట్టెను బాడిసతో ఎనిమిది మూలలకు చెక్కుకో. లావు కట్టెకు తక్కువ వేగం. స్విచ్చి వేసేముందు చేత్తో ఒక చుట్టు తిప్పి, ఉలి ఆనే కమ్మీకి కట్టె తగలడం లేదని చూసుకో. ఆ కమ్మీ కట్టెకు వేలెడు దూరంలోనే ఉండాలి. స్విచ్చి వేసేటప్పుడు పక్కకు నిలబడు. ఉలిని ముందు కమ్మీ మీద ఆనించు, తర్వాత దాని వీపును కట్టెకు తాకించు, ఆ తర్వాతే నోరు దించు. వీపు ఆనకుండా నోరు పెడితే కరుచుకుంటుంది. మనుషుల్లో కూడా అంతే.

మిషనుకు గోతాలు చుట్టించి, తాళ్ళు కట్టించి, అమీర్ బాషా లారీలో రేపు వేయిస్తున్నాను. ఎవరైనా అడిగితే సంఘం సామానని చెప్పమన్నాను.

ఓడ పూర్తయ్యేదాకా నోవహును చూసి నవ్వినవాళ్ళే అందరూ.

దేవపాలు


మా పల్లె,
19-8-94

అన్నా,

గోతాలు చుట్టి పంపమని నీకు ఏ ప్రవక్త చెప్పాడు?

లారీ మా సందులోకి వచ్చేసరికి చీకటి పడింది. గోతాల్లో పొడుగాటి ఇనుప సామాను, పెద్దాయన డ్రైవరు ఇంటి ముందర దిగుతూంది. అమీర్ బాషాను అడిగితే, "సంఘం సామాను" అన్నాడు. లేతు అనే మాట ఈ పక్క జనానికి ఒకే ఒక పనికి తెలుసు, నాటు తుపాకులకు గొట్టాలు తీసేదానికి. తెల్లారేసరికి వంకవతల ఇళ్ళ మీద మనుషులెక్కి కాపలా కాస్తున్నారు. మా వైపు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "ఎన్ని చేస్తాండావు దయానందం?" అని చెవిలో అడిగి పోతున్నారు. పది గంటలకు ఎస్.ఐ. వచ్చాడు.

ఈయన గోతాలు కోసి, మోటారుకు కరెంటిచ్చి, వేపకట్టె ఒకటి బిగించి, ఎస్.ఐ. ముందే తిప్పాడు. చెక్కపొట్టు రిబ్బన్లలాగా లేచి ఎస్.ఐ. టోపీ మీద పడింది. అప్పడాల కర్ర అయ్యేదాకా ఆ మనిషి కదలకుండా నిలబడి చూశాడు. "ఇంకొంచెం సన్నం చెయ్, మా ఇంట్లో చెయ్యి చిన్నది" అన్నాడు. పట్టుకుని పోయాడు.

మొదటి రోజుల్లో ఒక కట్టె చేతిలోంచి ఎగిరి పైకప్పు దంతెల్లో తగులుకుంది. కమ్మీ దూరంగా పెట్టుకున్నాడు. నీ జాగ్రత్తల్లో భుజం మీద కండువా తీసెయ్యమని లేదు. అది నేను చెప్పాను, చుట్టుకుంటే మెడే పోతుందని. ఇప్పుడు కండువా నా కొంగుకు కట్టి పని మొదలుపెడతాడు. ఉలి నోరు మొద్దయితే చాలు, సానరాయి దగ్గర కూర్చుంటాడు. వాళ్ళ నాయన కూర్చున్నట్టే ఒక కాలు మడిచి.

ఈ వారమంతా ఈయన జీపు ముట్టలేదు. పొద్దున లేచింది మొదలు లేతు దగ్గరే. వసారా నిండా పొట్టు. ఊడ్చలేక చస్తున్నాను, సంతోషంగానే.

దీవెనమ్మ


జమ్మలమడుగు,
5-9-1994

దీవెనా,

నా నోటి నిండా నవ్వు, నాలుక నిండా పాట. చెరలోంచి తిరిగొచ్చిన వాళ్ళకు కలలాగా ఉందని పెద్దలు పాడుకున్నారే, అట్లా ఉంది నాకు.

నీ ఉత్తరం అందిన రెండో పొద్దే ప్రొద్దుటూరు ఉజ్జీవ సభలు. నాకు సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చారు. దాపరికం ఎందుకు? పేర్లతో సహా చెప్పాను. "ఫలానా పల్లెలో ఫలానా పెద్దాయన జీపు తోలిన నా బావ దయానందం, ఆ జీపు దిగినాడు. స్టీరింగు వదిలి ఉలి పట్టినాడు. బాంబుల బాట వదిలి బెసలేలు బాట పట్టినాడు" అన్నాను. దీవెనా, మైదానం మొత్తం లేచి నిలబడింది. మైలవరం నుంచి వచ్చిన పెద్ద ముసలాయన ఒకడు నా చేతులు పట్టుకుని, తన కొడుకునూ ఇట్లాగే దించమని ఏడ్చాడు. ఖాజీపేట వాళ్ళు నా సాక్ష్యాన్ని క్యాసెట్టులో ఎక్కించుకుని పోయారు.

ఆకుపచ్చ మిషను కొననందుకు నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. బావకు చెప్పు: మంచం కోడు చేసేటప్పుడు పట్టెలు దూరే చోట పలకగానే వదిలెయ్యాలి, అక్కడ తిప్పకూడదు. చివర్లో గరుకు కాగితంతో రుద్దేటప్పుడు కమ్మీ తీసి పక్కన పెట్టాలి, లేకుంటే వేళ్ళు నలుగుతాయి.

జయగీతం పాడుతూ,
దేవపాలు


మా పల్లె,
17-9-94

దేవపాలన్నకు,

జెకర్యాకు కొన్ని నెలలు నోరు పడిపోయిందే, ఆ కృప నీకు కలగాలని ప్రార్థిస్తున్నాను.

ఈయన జీపు దిగాడని నీకెవరు చెప్పారు? ఆ వారం జీపు ముట్టలేదని రాశాను. జీపు ఇంజను పాడయి కడపలో షెడ్డులో ఉండింది కాబట్టి ముట్టలేదు. అది రాయడం మరిచాను, నిజమే. అంతమాత్రానికి ఒక మాట అడగకుండా మైకులో చెబుతారా? యెఫ్తా నోరు జారితే అనుభవించింది ఆయన కాదు, ఇంట్లో బిడ్డ.

ఆ క్యాసెట్టు ఖాజీపేట నుంచి మైదుకూరుకు, ఆడినుంచి మా పల్లెకు వచ్చింది. పెద్దాయన విన్నాడు. నిన్న పొద్దున తనే వచ్చాడు. నలుగుర్ని సందు మొగదల నిలిపి, ఒక్కడే వసారాలోకి వచ్చి, పొట్టులో కాళ్ళు పెట్టుకుని మిషను పక్కనున్న పీట మీద కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర ఉన్నాను.

"దిగినావంట కదప్పా" అన్నాడు.

ఈయన మోటారు ఆపాడు.

"నాకు చెప్పకుండా ప్రొద్దుటూరికి చెప్పినావు. వంకవతలోళ్ళు ఏమిచ్చినారు?"

"ఎవురూ ఏమీ ఇయ్యల. మా బావ మిషను ఇచ్చినాడు."

"సరే, ఈ మిషను మీదనే నా పని చెయ్యి. తుపాకీకి మడమ చెడిపోయినాది. ఒకటి చేసి ఇయ్యి. కొడవండ్లకు పిడులు కూడా కావాల."

ఈయన ఒక కట్టెముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది చూడు పెద్దాయనా. ఈ మిషను గుండ్రంగా వచ్చేదే చేస్తాది. తుపాకీ మడమ గుండ్రంగా ఉండదు. కొడవలికి గుండ్రటి పిడి పెడితే ఏటు వేసేటప్పుడు చేతిలో తిరిగిపోతాది. దాన్ని బాడిసతో చెక్కాల్సిందే. నేను చెక్కను."

"చెయ్యలేవా, చెయ్యవా?"

"మిషను చెయ్యలేదు. నేను చెయ్యను."

తర్వాత ఈయనే అన్నాడు, "మా బావ నన్నడక్కుండానే చెప్పినాడు. అయినా మాలో సాక్ష్యమంటే మాట ఇచ్చినట్టే. పదిమంది ముందర నా పేరు మీద పడిన మాటను నేను కాదనలేను. ఇప్పుడు నీ ముందర చెప్తాండా. దిగినా. యాడికీ పోల్యా. ఈ వసారాలోనే ఉంటా." గోడకున్న జీపు తాళాలు తీసి ఆయన పక్కన పెట్టాడు.

పెద్దాయన తాళాలు తీసుకున్నాడు. ఒక్క మాట అనకుండా పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఈడ మాట్లాడకుండా పోయినవాళ్ళ గురించే భయపడతారు.

నువ్వు రావద్దు. మైకు దగ్గరికి అసలే పోవద్దు.

దీవెనమ్మ


జమ్మలమడుగు,
24-9-1994

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివి పొద్దంతా అన్నం ముట్టలేదు. మీ వదిన ఉపవాసమా అని అడిగింది. కాదు, సిగ్గు అన్నాను.

అయినా ఒక్క మాట అననియ్యి. నేను చెప్పింది అబద్ధం కాదు, వేళకు ముందే చెప్పిన నిజం. బిలాము తిట్టడానికి నోరు తెరిస్తే దీవెన వచ్చింది. నేను గొప్ప చెప్పుకోవడానికి నోరు తెరిస్తే బావ విడుదల వచ్చింది. నోటిని వాడుకున్నవాడు వేరే. "నేను చెయ్యను" అన్న ఆ రెండు మాటలు నా నలభై ఏళ్ళ ప్రసంగాల కంటే బరువైనవి. పెద్దాయన ముందు కూర్చుని అన్నాడు. నేను ఎప్పుడూ మైకు వెనక నిలబడే అన్నాను.

ఒక హెచ్చరిక. బావ ఇప్పుడు ఎవరి మనిషీ కాడు. అట్లాంటి మనిషి గుమ్మంలోకి వంకవతల నుంచి ఎవడైనా పనికని వస్తే తలుపు వెయ్యండి. ఒక్క కవ్వం చేసిచ్చినా వాళ్ళకు అమ్ముడుపోయాడంటారు. పెద్దాయన మనుషులు వచ్చినా వెయ్యండి. రెండు వైపులా తలుపు వేసుకుని, సంఘం వాళ్ళకూ, ప్రొద్దుటూరు అంగళ్ళకూ మాత్రమే చెయ్యండి. దుష్టుల కాడి కింద మెడ పెట్టవద్దు. ఇది నా గట్టి మాట.

రాను. నీ మాట మీద ఉంటున్నాను. కానీ ప్రతి పొద్దూ మీ పల్లె వైపు ముఖం పెట్టి ప్రార్థిస్తున్నాను. దానియేలుకు కిటికీ ఉండింది, నాకు సైకిలు షాపు ఉంది.

దేవపాలు


మా పల్లె,
18-12-94

అన్నకు, వదినకు, దీవెనమ్మ, దయానందం వందనాలు చెప్పి రాసేది.

ఎలక్షన్లయ్యాయి. పెద్దాయన జీపు వేరే ఊరి డ్రైవరు తోలాడు. అతను క్షేమం, అందుకూ స్తోత్రం.

మూడు నెలలు రాయలేదు, ఎందుకంటే రాసేదానికి ఏమీ జరగలేదు. అదే భయం. మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. అప్పడాల కర్రలు చేసి పులివెందుల అంగళ్ళకు ఇస్తూ వచ్చాము. వీధిలో ఈయన ఎదురైతే జనం పక్కకు తిరిగేవాళ్ళు. నీ గట్టి మాట ప్రకారం తలుపు వేద్దామన్నాను. ఈయన వినలేదు. "తలుపు వేసుకుంటే దాక్కున్నట్టుంటాది. మా నాయన వాకిలి వేసి పని చేసింది నేను చూళ్ళా. మంగలి ఇంటికీ, కుమ్మరి ఇంటికీ రెండు వర్గాలోళ్ళూ పోతారు, వాళ్ళ మీద ఎవురూ చెయ్యి వెయ్యరు. ఎందుకనుకుంటాండావు? వాళ్ళు వాకిలి తెరిచి పెట్టినారు" అన్నాడు. వసారా తలుపు రెక్కలు రెండూ ఊడబీకి అటక మీద వేశాడు.

పోలింగుకు వారం ముందు పెద్దాయన ఇంటి కాపలా యల్లయ్య ఒక పాత మంచం కోడు పట్టుకొచ్చాడు. పెద్దాయన పడుకునే మంచానిది, చెద పట్టింది. "నాలుగూ కొత్తవి కావాలంట. ఇంత ఎత్తు వద్దంట. జానెడు చాలంట" అన్నాడు.

జానెడు ఎత్తు మంచం ఎవరు పడుకుంటారని నేను నవ్వబోయాను. ఈయన నా వైపు చూశాడు. తర్వాత అర్థమయింది. కిటికీలోంచి ఏదన్నా వస్తే మనిషి మీదుగా పోవాల. అంత పెద్దాయన, అన్ని జీపులు, అంత మంది మనుషులు, రాత్రయితే నేలకు జానెడు ఎత్తులో పడుకుంటాడు.

ఈయన నల్లతుమ్మతో చేశాడు. పొట్టివని తక్కువ పని చెయ్యలేదు. నడుమున కడియాలు రెండు, కింద గిన్నె పాదం, పట్టెలు దూరే చోట నువ్వు చెప్పినట్టు పలక వదిలాడు. నూనె రుద్ది ఇస్తే యల్లయ్య చేత్తో తడిమి, "పొట్టోడికి ఇంత సోకు ఏంది?" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం, నడి వీధిలో అందరూ చూస్తుండగా, వంకవతల నుంచి బాలయ్య వచ్చాడు. ఆ వర్గం పెద్ద దగ్గర పెద్ద పాలేరు. మా సందులోకి ఆ వైపు మనిషి వచ్చి ఎన్నేళ్ళయిందో. వసారా ముందర చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఈయన పీట చూపించాడు. కూర్చున్నాడు. నేను నీళ్ళిచ్చాను, చెంబు ఎత్తి గడగడా తాగాడు.

"మంచం కోళ్ళు నాలుగు కావాలప్పా" అన్నాడు. ఎత్తు ఎంతో చెప్పలేక, చెయ్యి నేలకు దగ్గరగా పెట్టి సిగ్గుపడుతూ చూపించాడు.

ఈయన మిషను వెనక నుంచి కొలత పుల్ల ఒకటి తీసి ఆ చేతి కింద నిలబెట్టాడు. సరిగ్గా అంతే.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు బాలయ్య.

"ఈ పక్క ఇప్పుడు ఎవురడిగినా అదే కొలతప్పా" అన్నాడు ఈయన, అంతే. ఎవరు అడిగారో చెప్పలేదు. బాలయ్య కూడా అడగలేదు. చాలాసేపు ఆ పుల్లనే చూస్తూ కూర్చుని, లేచి పోయాడు.

నేను సందు మొగ దాకా వెంట నడిచాను, ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని. మూల మీద యల్లయ్య కట్టె పట్టుకుని కూర్చుని ఉన్నాడు. లేచి అడ్డం వచ్చాడు.

"ఈడ నీకేం పని?" అన్నాడు.

"లేతాయన దగ్గరికొచ్చినా" అన్నాడు బాలయ్య.

మూడు నెలల ముందు దాకా ఈ పల్లెలో ఈయన పేరు పెద్దాయన డ్రైవరు. యల్లయ్య మా ఇంటి వైపు ఒకసారి చూశాడు. కట్టె దించాడు.

"రేపు వచ్చేటప్పుడు వంక గట్టు మింద రావాకు, ఆడ కుక్కలుండాయి. రోడ్డు మింద రా. రెండో సందు, లేతాయన ఇల్లంటే ఎవురైనా చూపిస్తారు" అన్నాడు.

ఇట్లు,
లేతాయన ఇంటి నుంచి,
దీవెనమ్మ